పట్టా ఎవురు మార్చాల?

మొదట ఒక మాట చెప్తా, తర్వాత తిట్టుకోండి:
ఎగిరే హీరోలంటే నాకు పెద్ద గౌరవం లేదు.
ఎగరడంలో ఏముందప్పా,
మా గుంతకల్లులో మే నెల సుడిగాలికి
ప్లాస్టిక్ కవర్లు కూడా ఎగుర్తాయి.

అయినా ఏదొచ్చినా పోతా, మొదటి వారమే.
ముందర్నుంచి మూడో వరస, స్ప్రింగు పోయిన సీటు.
సినిమా బాగలేకపోతే
తల ఎనక్కి తిప్పి జనాన్ని చూస్తా.
తెర వెలుతురు మొగాల మీద పడి
ఒకసారి నీలంగా, ఒకసారి మంటగా.
ఆ సినిమాకి డబ్బింగ్ అక్కర్లేదు.

బాల్కనీ వాళ్ళు పాప్‌కార్న్ కూడా
పక్కోనికి వినపడకుండా నములుతారు.
కింద మావోళ్ళు
ఎనక నుంచి ఎవురొస్తాండారో విలన్‌కి ముందే చెప్పేస్తారు.
వాడు వినడు. ఏ ఆటకీ వినడు.
చంటిపిల్ల ఏడిస్తే ఆరు వరసలు జోల పాడతాయి,
ఫోన్ మాట్లాడేటోన్ని అదే ఆరు వరసలు తిడతాయి.
నా లెక్కన అది న్యాయమే.

నా కంప్లైంటు వేరే.
లోకం ఎప్పుడు మునిగినా
ఆ అద్దాల మేడల ఊర్లోనే ఎందుకు మునగాల?
ఆకాశానికి బొక్క పడేది ఎప్పుడూ ఆడేనా?
వన్నూరమ్మ బొరుగులు నోట్లో పోసుకుంటా అంటాది:
"ఈడికొచ్చి వాడేం చేస్తాడే?
నీళ్ళన్నీ పీల్చేస్తా అని బోరు దగ్గరికి పోతే
వానికే సిగ్గయితాది."

ఇంకొకటి.
కాలేజీ సభలో ఒక సారు మైకు పట్టుకోని
"మీ అమ్మానాయనలే అసలైన సూపర్ హీరోలు" అన్నాడు.
అందరూ చప్పట్లు. నేను కొట్టలా.
మా నాయన కీమ్యాను.
తెల్లార్తానే సుత్తె, స్పానరు, ఎర్రజెండా భుజానేసుకోని
పట్టా ఎంబడి పోతాడు, పట్టా ఎంబడి వస్తాడు.
ఆయప్పకు కావాల్సింది ఈపున శాలువా కాదు,
మడమ కొరకని బూట్లు.

మొన్న శనివారం సెకండ్ షోకి
బలవంతంగా పిల్చకపోయినా.
పేర్లు పడకముందే నిద్ర.
హాల్లో సగం మంది రైల్వే వాళ్ళే.
తెర మీద బ్రిడ్జి, బ్రేకులు పోయిన రైలు.
వాడొచ్చి పట్టాల నడుమ నిలబడి
రొమ్ముతో ఆపేసినాడు.
అదే టయానికి బయట నిజం గూడ్సొకటి కూత పెట్టింది.
గోడలు అదిరినాయి.
అంత సౌండు మా టాకీసుకి ఎన్నడూ ల్యా.

విజిల్ పడాల్సిన చోట
రిటైరైన డ్రైవరు ఇమామ్ సాబ్ లేసి నిలబడినాడు:
"నూటిరవై మీద బండి అట్ల నిలిస్తే
లోపలోళ్ళు మిగుల్తార్రా?"
ఇంకేముంది, హాలంతా ఎంక్వైరీ కమిటీ.
గార్డు ఎర్రిస్వామి సిగ్నల్‌ది తప్పన్నాడు.
ఎవురో టీసీ అంట,
వానికి ప్లాట్‌ఫాం టికెట్టన్నా ఉందా అని అడిగినాడు.
హీరోయిన్ని కాపాడింది ఎవురూ చూల్లేదు.

ఆ గోలకి నాయన కండ్లు తెరిచినాడు.
హీరోని చూడలా.
వాని కాళ్ళ కింద చూసినాడు:
జిలేబీ మాదిరి చుట్టుకపోయిన ఇనుము,
పిండైపోయిన స్లీపర్లు, యాడికో ఎగిరిపోయిన కంకర.
వాడేమో అప్పటికే మబ్బుల్లో ఉన్నాడు.
నాయన నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా,
"ఇప్పుడు ఆ పట్టా ఎవురు మార్చాల?"

నేనేం చెప్పేది.
సినిమా అయిపోయినాక
పేర్ల చివర చిన్న ముక్క చూపిస్తారని కూర్చోబెట్టినా.
జనం పోయినారు.
ఉలిగమ్మ చీపురు పట్టుకోని
మా ఇద్దరి కాళ్ళు ఎప్పుడు లేస్తాయా అని చూస్తాంది.
తెల్లటి పేర్లు నల్లటి దాంట్లో పైకి పోతానే ఉన్నాయి,
వందలు, వేలు.
నాయన కండ్లు చికిలించుకోని ముందుకి వంగినాడు.

"ఇంగ్లీషు నేను అంత బిర్రున చదవలేను,
నువ్వు చూడు పాపా,
గ్యాంగోళ్ళవి యాడన్నా ఏసినారేమో."